కేదార హిమము – కాయక శుద్ధి

కేదారము అనగానే వీరశైవుని స్మృతిలో పంచపీఠములు మెదలుతాయి. రంభాపురి, ఉజ్జయిని, కేదారము, శ్రీశైలము, కాశి అను ఆ వరుసలో శ్రీశైలము తెలుగువారికి ఇంటి గడప వంటిది. కేదారము మాత్రము సముద్రమట్టమునకు సుమారు 3,580 మీటర్ల ఎత్తున, మంచుకొండల నడుమ ఉన్నది. అయినప్పటికీ ఆ గుడికీ దక్షిణదేశమునకూ ఉన్న ముడి చాలా పాతది. అక్కడి రావల్ నేటికీ దక్షిణాది వీరశైవ జంగమ కుటుంబములనుంచే వస్తారు. దీపావళి వెళ్ళిన పిదప, భగినీహస్త భోజనము నాడు గుడి తలుపులు మూసి, ఉత్సవమూర్తిని పల్లకిలో ఊఖీమఠమునకు దింపుతారు. ఆరు నెలలు పూజ అక్కడనే. ఆ ఆరు నెలలూ గుడి మంచుది. తక్కిన ఆరు నెలలూ మనుష్యులది. పూర్వులు చేసిన ఈ ఏర్పాటులో ఎవరి హద్దు ఏదో తెలిసిన వినయము ఉన్నది.

గుడికి వెనుక ఎగువన ఉన్నది చోరాబారి హిమానీనదము. మందాకిని పుట్టుక అక్కడనే. హిమానీనదము అంటే గడ్డకట్టిన నది అని చెప్పుకొంటే సరిపోదు. అది ధాన్యపు పాతర వంటిది. పైభాగమున ఏటేటా పడిన మంచు ఒకదానిపై ఒకటి పేరుకొని, బరువుకు నొక్కుకొని, గాజు వంటి గడ్డ అవుతుంది. ఆ గడ్డ తన బరువుకు తానే మెల్లమెల్లగా పల్లమునకు జారుతుంది. దిగువ కొసన వేసవి వేడికి కరిగి ఏరవుతుంది. పైన చేరినది రాబడి, కింద కరిగినది వ్యయము. రెండూ సరితూగినంత కాలము కొస ఉన్నచోటనే ఉంటుంది. వ్యయము మించినప్పుడు కొస వెనుకకు జరుగుతుంది, గడ్డ మందము తగ్గుతుంది. ఒక్క ఏడు చూచి ఏమీ చెప్పలేరు. పదుల ఏండ్లు చూడాలి. గంగోత్రి హిమానీనదపు కొసను 1935లో భూగర్భశాఖవారు పటములో గుర్తించారు. గోముఖమని యాత్రికులు మ్రొక్కే ఆ కొస నాటినుంచి ఒక కిలోమీటరుకు పైగా వెనుకకు పోయినది.

ఇది ఒక్క గంగోత్రి కథ కాదు. అమెరికా గూఢచారి ఉపగ్రహములు 1970లలో తీసిన ఛాయాచిత్రములు తరువాతి కాలములో బయటపడగా, కొలంబియా విశ్వవిద్యాలయపు పరిశోధకులు వాటిని కొత్త చిత్రములతో పోల్చి చూచారు. ఒకరి రహస్యములు ఒకరు కనిపెట్టుకొనుటకు తీసిన చిత్రములు చివరకు కొండల రహస్యమును చెప్పుటకు పనికివచ్చినవి. హిమాలయములలో ఇంచుమించు 650 హిమానీనదములను పరీక్షించిన ఆ అధ్యయనము 2019లో వెలువడినది. 2000 తరువాతి కరుగుదల అంతకుముందు పాతికేళ్ళ కరుగుదలకు ఇంచుమించు రెండింతలని అందులో తేలినది. ఖాట్మండులోని అంతర్జాతీయ పర్వతాభివృద్ధి కేంద్రము 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారము, హిందూకుష్ హిమాలయ ప్రాంతములో 2011–2020 దశాబ్దములో హిమక్షయము అంతకుముందు దశాబ్దముకంటె 65 శాతము వేగముగా సాగినది. వేడి ఇదే దారిలో పెరిగితే ఈ శతాబ్దాంతమునకు ఇప్పుడున్న మంచులో 80 శాతము వరకు పోవచ్చునని కూడా ఆ నివేదిక చెప్పినది.

శాస్త్రజ్ఞులు ఇందులో తప్పు చేయలేదా అంటే, చేశారు. 2035 నాటికే హిమాలయ హిమానీనదములు మాయమగునని 2007 నాటి అంతర్జాతీయ వాతావరణ నివేదికలో ఒక వాక్యము దొరలినది. దానికి ఆధారము లేదని 2010లో వారే ఒప్పుకొని దిద్దుకొన్నారు. ఆ పొరపాటును పట్టుకొని మొత్తము విషయమునే కొట్టిపారవేసినవారు కొందరు. బహిరంగముగా తప్పు ఒప్పుకొన్నవాని మాటకు విలువ తగ్గించుట న్యాయమేనా? అనుభవమంటపములో అయితే అటువంటివానికి పీట వేసి కూర్చుండబెట్టేవారు.

మరొక ఆక్షేపణ ఇంతకంటె బలమైనది. మంచు పెరుగుట, తరుగుట ప్రకృతికి కొత్త కాదు గదా అని కొందరు అంటారు. నిజమే. కేదారనాథుని గుడి గోడలమీది గీతలను పరిశీలించిన భూగర్భ శాస్త్రజ్ఞులు, ఆ గుడి ఒకప్పుడు ఇంచుమించు నాలుగు వందల సంవత్సరములు మంచుకింద ఉండి ఉండవచ్చునని అభిప్రాయపడ్డారు. అంతటి మంచు మనిషి ప్రమేయము లేకుండానే వచ్చినది, పోయినది. అయితే గాలికి కూలిన చెట్టూ గొడ్డలికి కూలిన చెట్టూ నేలమీద ఒకేలా పడి ఉన్నప్పటికీ, గాలిని ఎవరూ న్యాయస్థానమునకు పిలువరు. నేటి కరుగుదలలో గొడ్డలి వేటు ఎంత అన్నదే ధర్మశాస్త్రమునకు సంబంధించిన భాగము. యంత్రయుగమునకు ముందు పది లక్షల పాళ్ళ గాలిలో బొగ్గుపులుసు వాయువు 280 పాళ్ళు ఉండేది. 1958లో హవాయి దీవిలోని మౌనా లోవా కొండమీద కొలత మొదలుపెట్టిన నాడు 315 పాళ్ళు. ఇప్పుడు 420 దాటినది. పెరిగినది నేలబొగ్గు, చమురు కాల్చుటవల్లనేనని ఆ వాయువులోని అణువుల పోలికలే చెబుతున్నవి. కోట్ల ఏండ్లు భూగర్భములో ఉన్న కర్బనమునకు నేటి చెట్టులోని కర్బనమునకు ఉండే ఒక గుర్తు ఉండదు. వేలిముద్రవంటి ఈ సాక్ష్యమును త్రోసిపుచ్చుట తేలిక కాదు.

ఈ తరుగుదల కొండలలో ఎటువంటి స్థితిని మిగులుస్తుందో 2013 జూన్‌లో దేశము చూచినది. వెనుకకు జరిగిన హిమానీనదము ఊరకే పోదు. తాను మోసి తెచ్చిన రాళ్ళను, మట్టిని కట్టగా పోసి పోతుంది. చోరాబారి పక్కన అటువంటి కట్ట వెనుక నిలిచిన మడుగే, 1948లో గాంధీజీ అస్థికలలో కొంత భాగము కలిపినందువల్ల గాంధీ సరోవరమని పేరు పొందినది. ఆ ఏడు కాలముకంటె ముందుగా కుండపోత వాన కురిసినది. ఇంకా కరగని మంచుమీద పడిన ఆ వాన మంచునీటితో కలిసి మడుగును నింపినది. 17వ తేదీ ఉదయము కట్ట తెగి, నీరూ బండలూ కేదారపురి మీద పడినవి. ఉత్తరాఖండములో వేలమంది మరణించారు. చాలామంది దేహములు కూడా దొరకలేదు. ఆ ఆపదకు వాన ముఖ్య కారణము, నదిగర్భములో కట్టిన కట్టడములు మరొక కారణము. అంతా వేడిమి మీదికి నెట్టుట సత్యము కాదు. గుడి వెనుక వచ్చి నిలిచి ప్రవాహమును రెండుగా చీల్చిన బండకు భీమశిల అని పేరు పెట్టి భక్తులు పూజిస్తున్నారు. గుడిని కాపాడిన ఆ ఒక్క బండను గురించి ఎన్నో కథలు పుట్టినవి. అదే వరదలో దిగివచ్చి మనుష్యులను కప్పివేసిన వేల బండలను గురించి కథలు పుట్టలేదు.

ఇక అసలు ప్రశ్న. ఈ దోషము ఎవరిది? 1871లో ఇల్లెందు ప్రాంతమున బొగ్గు కనిపించిన నాటినుంచి సింగరేణి గనులు తెలుగునేలకు అన్నము పెట్టినవి. గనిలోకి దిగే కార్మికుడు ప్రాణము పణముగా పెట్టి తెచ్చిన బొగ్గుతో కొత్తగూడెములో, రామగుండములో విద్యుత్తు పుట్టి, పల్లెలలో దీపాలు వెలిగినవి. అతని పనిని ఎవరైనా కాయకము కాదనగలరా? బసవేశ్వరుని కల్యాణములో చెప్పులు కుట్టిన హరళయ్య, బట్టలుతికిన మాచయ్య, పడవ నడిపిన చౌడయ్య, త్రాడు పేనిన చందయ్య ఒకే పంక్తిలో కూర్చున్నారు. వృత్తికి హెచ్చుతగ్గులు లేవని చెప్పినదే ఆ ధర్మపు ప్రాణము. గని కార్మికుడు ఆ పంక్తిలో ఎనిమిది శతాబ్దములు ఆలస్యముగా వచ్చి కూర్చున్నవాడు. అతనిమీద వేలు చూపించే పండితుని చేతిపక్కన తిరుగుతున్న పంకా ఎవరి చెమట?

కాని శరణులు కాయకమునకు సత్యశుద్ధమను విశేషణము జోడించారు. ఒళ్ళు వంచి చేసినదంతా కాయకము కాదు. చేసే పద్ధతి శుద్ధముగా ఉండాలి, ఫలము పంచుకోవాలి, కావలసినంతకు మించి తీసుకోరాదు. ఈ మూడవ నియమమును ఆయిదక్కి లక్కమ్మ కథ చెప్పినంత సూటిగా మరొకటి చెప్పదు. ఆమె భర్త మారయ్య బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలు ఏరి తెచ్చేవాడు. ఆ దంపతుల కాయకము అదే. దానితోనే జంగములకు వండి పెట్టి, మిగిలినది ప్రసాదముగా తినేవారు. ఒకనాడు మారయ్య మామూలుకంటె ఎక్కువ బియ్యము తెచ్చాడు. లక్కమ్మ సంతోషించలేదు. ఇది తమకు తగిన పాలు కాదని, ఎక్కడ తెచ్చినది అక్కడనే పోసి రమ్మని పంపినది. అతడు పోసి వచ్చాడు.

ఈ కథలో గమనించవలసినది ఒకటున్నది. మారయ్య దొంగిలించలేదు. బియ్యపు యజమాని అభ్యంతరము చెప్పేవాడు కాదు. ఎవరి ఇంటా కుండ ఖాళీ కాలేదు. లోకపు లెక్కలో చూస్తే అక్కడ దోషమే లేదు. అయినా లక్కమ్మ దృష్టిలో అవసరమునకు మించినది చేతికి రావడమే దోషము. నేడు న్యాయస్థానములు నష్టపోయినవాడెవడు, నష్టము చేసినవాడెవడు అని అడుగుతవి. పొగ విషయములో ఆ రెండు ప్రశ్నలకూ జవాబు దొరకదు. రామగుండపు గొట్టమునుంచి వెళ్ళిన వాయువు ఏ కొండమీది మంచును కరిగించినదో ఎవరూ చూపలేరు. ఇంచుమించు ఏడాదిలో అది భూమండలమంతటా కలిసిపోతుంది. దోషము కోట్ల చేతులలో పలచబడి కనిపించకుండా పోతుంది. పలచబడిన దోషమును పట్టుకోగల కొలబద్ద లక్కమ్మ చేతిలోనే ఉన్నది. ఆమె నష్టమును అడుగలేదు, మిగులును అడిగినది.

అయితే ఆమె కథ ఒకచోట నేటికి అక్కరకు రాదు. మారయ్య బియ్యమును తిరిగి పోయగలిగాడు. కాల్చిన బొగ్గును తిరిగి గనిలో పోయలేరు. నేడు విడిచిన బొగ్గుపులుసు వాయువును సముద్రములు, అడవులు కొంత పీల్చుకొన్నా, తక్కినదానిలో పెద్ద భాగము శతాబ్దముల తరబడి, కొంత వేల సంవత్సరములు గాలిలోనే ఉంటుంది. మంచు కూడా వెంటనే లెక్క తేల్చదు. భూమి వేడి నేటితో నిలిచిపోయినప్పటికీ, ప్రపంచములోని హిమానీనదములు 2020 నాటి మంచులో ఇంచుమించు 39 శాతమును పోగొట్టుకొన్న తరువాతనే కుదుటపడతవని 2025లో ప్రకటితమైన ఒక పరిశోధన లెక్క కట్టినది. ఇప్పటికే జరిగిన వ్యయమునకు రసీదులు ఇంకా రావలసి ఉన్నవన్నమాట. ‘పోసి రా’ అన్న ఆజ్ఞను పాటించడము సాధ్యము కానప్పుడు ధర్మము ఏమి చెబుతుంది? సాధ్యము కాదు కనుక బాధ్యత తీరినదని చెప్పేవారు ఉన్నారు. అప్పు తీర్చలేనివాడు మరల అప్పు చేయవచ్చునా అని అడిగితే వారి వద్ద సమాధానము లేదు.

ఇక్కడ మరొక వాదము వస్తుంది, అది న్యాయమైనదే. భారతీయుడు ఏడాదికి సగటున విడిచే బొగ్గుపులుసు వాయువు ఇంచుమించు రెండు టన్నులు. ప్రపంచ సగటులో సగము కూడా లేదు. అమెరికా వాసి వాటా దానికి ఆరేడు రెట్లు. బియ్యపు రాశి దగ్గర సంచులు నింపుకొన్నవారు, గింజలు ఏరుకొనే వానికి మితము బోధించుట హాస్యాస్పదము. కాని ఈ సగటు అనేది పెద్ద దుప్పటి. దానికింద కట్టెపొయ్యి ఊదే అమ్మ, గదిగదికి చల్లదనపు యంత్రము పెట్టుకొన్న ధనికుడు ఒకరి పక్కన ఒకరు పడుకొని ఉన్నారు. పేదవాని పాలును చూపించి తన పాలును దాచుకొనుట ఏ దేశములోనైనా ధనికునికి అలవాటే. దాసోహమును ఆచరించేవాడు ముందు పెట్టి తరువాత తింటాడు. ముందు తిని, మిగిలితే పెట్టే పద్ధతికి లోకములో దానమని పేరున్నది గాని దాసోహమని పేరు లేదు.

తెలుగువానికి ఒక పరీక్ష ప్రత్యేకముగా ఉన్నది. గోదావరి, కృష్ణ మంచుమీద పుట్టిన నదులు కావు, వానమీద బ్రతికేవి. హిమాలయపు పాతర ఖాళీ అయినా కోనసీమ కాలువకు వచ్చే నీటిలో లోటు రాదు. దెబ్బ తగిలేది సింధు, గంగ, బ్రహ్మపుత్రలను నమ్ముకొన్నవారికి. హిందూకుష్ హిమాలయ కొండలలో 24 కోట్లమంది, దిగువ మైదానములలో 165 కోట్లమంది ఆ పర్వతముల నీటిమీద ఏదో ఒక విధముగా ఆధారపడినవారే. వారిలో కొందరికి కొంతకాలము నీరు పెరుగుతుంది కూడా. పాతర తవ్విపోసినప్పుడు ఇంటిలో ధాన్యము రాశులుగా కనిపిస్తుంది గదా! శతాబ్దపు నడిమి కాలము దాటిన తరువాత తరుగుదల మొదలవుతుందని అంచనా. తన చేను ఎండనప్పుడు పక్కవాని చేనును గురించి ఆలోచించుట సదాచారములో భాగమా కాదా అన్నది తెలుగు వీరశైవుడు తనకు తాను వేసుకోవలసిన ప్రశ్న.

ఆ నీటి లోటు ముందుగా తగిలినది ఎత్తైన ఎడారిసీమ అయిన లదాఖులో. అక్కడ వాన అత్యల్పము. ఏప్రిల్, మే నెలలలో విత్తనము వేళకు నీరు కావాలి. ఎగువనున్న హిమానీనదము ఆలస్యముగా గాని కరగదు. కొస పైకి జరిగినకొద్దీ ఎడము పెరుగుతుంది. ప్రభుత్వ శాఖలో ఇంజనీరుగా పనిచేసిన చెవాంగ్ నోర్ఫెల్ ఈ చిక్కును చూచాడు. చలికాలములో ఎవరికీ అక్కరలేని నీరు వృథాగా పారుతున్నది. విత్తేవేళకు చుక్క లేదు. నీడపట్టున మెల్లగా పారే సన్నని ధార గడ్డకట్టి నిలిచిపోవుట గమనించి, 1980ల చివరి భాగములో ఆయన వాగునీటిని కొండ నీడకు మళ్ళించి, రాతికట్టల అంచెలలో నిలిపి గడ్డ కట్టించాడు. ఊరికి దగ్గరగా, తక్కువ ఎత్తున ఉండుటచేత ఆ మంచు ముందుగా కరిగి సరిగ్గా విత్తనపు వేళకు పొలమునకు అందినది. రాళ్ళు, గొట్టములు, ఊరివారి చేతులు, అంతే పెట్టుబడి. 2015లో ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ ఇచ్చినది. తరువాత సోనమ్ వాంగ్‌చుక్ అదే ఆలోచనను పొడిగించి స్తూపాకారముగా మంచును నిలబెట్టే పద్ధతి తెచ్చాడు.

నోర్ఫెల్ చేసినది కాయకమే; లక్కమ్మ చూచి ఉంటే మెచ్చుకొనేది. కాని ఇందులో ఒక అన్యాయము దాగి ఉన్నది, మెప్పులో దానిని మరువరాదు. మిగులు తిన్నవారు ఒకరు, రాళ్ళు మోసి ఆ లోటును పూడ్చినవారు మరొకరు. లదాఖు రైతు గాలిలో కలిపిన పొగ ఎంత? అతని కృత్రిమ హిమము ఊరి పొలమునకు చాలుతుందేమో గాని, నిజమైన హిమానీనదమునకు బదులు కాదు. బాధితుని ఉపాయమును పొగిడి తమ బాధ్యతను మరచిపోవుట మర్యాదగల ఒక విధమైన దోపిడి. అన్యాయమును చూచి ఊరుకొనరాదని గణాచారము చెబుతుంది. ఆ మాటను పరమతస్థుల దూషణకు మాత్రమే వాడుకొన్నవారు దానిని చాలా చిన్నది చేశారు.

మరల కేదారమునకే వస్తే, 2023లో అక్కడికి 19 లక్షలకు పైగా యాత్రికులు వెళ్ళారు. కాలినడక మార్గము గౌరీకుండము నుంచి ఉన్నది. హెలికాప్టర్లు ఋతువంతా ఆ ఇరుకు లోయలో తిరుగుతున్నవి. అరచేతిలో ఇష్టలింగమును నిలిపి, దేహమే దేవాలయమని నేర్పిన గురువు శిష్యులు, మంచు మధ్యనున్న స్థావరలింగమును ఒక్క పూటలో చూచి రావలెనని తొందరపడుట వింతగా ఉన్నది. నడవలేని ముసలితల్లిని కొడుకు ఎగురు వాహనములో తీసుకొనిపోతే తప్పుపట్టుట కఠినత్వమే అవుతుంది. అయితే ఆ వాహనములో ఎక్కువమంది ముసలితల్లులేనా? జంగముడు కాలినడకన ఊరూరా తిరిగినందువల్లనే జంగముడైనాడు.

బొగ్గుపులుసు వాయువును తిరిగి పోయలేకపోయినా, పొగలో తిరిగి పోయనక్కరలేని భాగము ఒకటున్నది. అది మసి. గంగా మైదానపు ఇటుకల బట్టీలు, డీజిలు బండ్లు, కట్టెపొయ్యిలు, కోత తరువాత కాల్చే గడ్డి, వీటినుంచి లేచిన మసి గాలివెంట హిమాలయములకు చేరి మంచుమీద పడుతుంది. తెల్లని మంచు ఎండను తిప్పికొడుతుంది. మసి పడిన మంచు ఎండను త్రాగి త్వరగా కరుగుతుంది. ఈ మసి శతాబ్దములు గాలిలో నిలిచేది కాదు. ఇంచుమించు వారము పది దినములలో నేలకు దిగిపోతుంది. పొయ్యి మార్చితే, బట్టీని బాగుచేస్తే, గడ్డి కాల్చుట మానితే ఫలము మనుమల కాలము వరకు ఆగనక్కరలేదు. మొదట మేలు పొందేది ఆ పొయ్యి ముందు కూర్చుని దగ్గే అమ్మ ఊపిరితిత్తులు. ఎగువన కేదార శిఖరములమీద, గుడి తలుపులు మూసిన ఆరు నెలలలో పడే మంచు ఆ ఏడు కొంచెము తెల్లగా ఉంటుంది.